తిరుమల కొండను చదవడం ఎలా? శిలాతోరణం నుంచి తుంబురు తీర్థం దాకా



శిలాతోరణం వీడియో పెట్టాక మనవాళ్లు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఇంతకీ ఆ రాతి తోరణం స్వామి చేసిందా, లేక వానా గాలీ చేశాయా?" కొంతమంది సరదాగా అడిగారు, కొంతమంది నిజంగా ఇబ్బంది పడుతూ అడిగారు. ఇంట్లో అమ్మమ్మ ఒక కథ చెప్తుంది, కాలేజీలో మేష్టారు ఇంకో కథ చెప్తారు, రెండిట్లో ఒకదాన్ని ఒప్పుకుంటే రెండోది అబద్ధం అయిపోతుందేమోనని భయం. ఆ భయం చిన్నదేమీ కాదు. దాని వల్ల కొందరు కొండ ఎక్కడమే మానేస్తారు, కొందరు చదువుకున్నది పక్కన పెట్టేసి ఎక్కుతారు. రెండూ నష్టమే.

అందుకే ఈ వారం పాఠంలో ఒక పని చేద్దాం. తిరుమలను గుడిగా కాకుండా, ముందు కొండగా చూద్దాం. ఏ రాయి ఎక్కడ ఉంది, ఏ దారి ఎటు పోతుంది, ఏ చెట్టు కింద నడుస్తున్నాం అన్నది తెలుసుకుందాం. ఆ తర్వాత గుడికి వెళ్దాం. అప్పుడు మీ దర్శనం కొంచెం వేరేగా ఉంటుందని నా నమ్మకం.

ముందుగా: మనం నడిచేది ఎక్కడ?

ఏడుకొండలు అంటాం కదా, పేర్లు ఒకసారి చెప్పుకుందాం: శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఈ ఏడూ శేషాచలం కొండల్లో భాగం. శేషాచలం తూర్పు కనుమల్లో భాగం. మన పెద్దవాళ్లు ఈ కనుమల వరుసను ఆదిశేషుడి శరీరంగా చెప్పారు. తిరుమల పడగలు, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అని. పటం తీసి చూడండి. కొండల వరుస మెలికలు తిరుగుతూ పోయే తీరు చూస్తే ఆ పోలిక ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. ఇంత పొడవైన కొండల వరుసను ఒకే శరీరంగా ఊహించాలంటే దాని వెంట ఎన్ని తరాలు నడిచి ఉండాలో ఆలోచించండి.

ఇప్పటి లెక్క ప్రకారం ఈ ప్రాంతానికి మరో రెండు పేర్లున్నాయి. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010 సెప్టెంబరులో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం, అంటే బయోస్ఫియర్ రిజర్వ్, సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే మొదటి బయోస్ఫియర్ రిజర్వ్. అంటే మీరు అలిపిరిలో కొబ్బరికాయ కొట్టి మొదటి మెట్టు మీద కాలు పెట్టారంటే, ఒక క్షేత్రంలోకీ ఒక అడవిలోకీ ఒకేసారి అడుగుపెట్టినట్టే. రెండు చోట్లకీ మర్యాద ఉంటుంది. అది చివర్లో చెప్పుకుందాం.

మొదటి మజిలీ: కొండ నడుము దగ్గర ఒక గీత

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దేశంలో కొన్ని చోట్లను జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివి నాలుగు. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు, మంగంపేట ముగ్గురాయి నిక్షేపం, మిగతా రెండూ తిరుమల కొండ మీదే. ఒకటి శిలాతోరణం. రెండోది చాలామంది దాని ముందు నుంచే బస్సులో వెళ్లిపోతారు, చూడరు. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. పేరు పలకడం కష్టం కానీ విషయం చాలా తేలిక.

తిరుపతి ఊళ్లో నిలబడి కొండకేసి చూడండి. కింది భాగం వాలుగా, గుండ్రటి బండలతో, పొదలతో ఉంటుంది. పైభాగం గోడ కట్టినట్టు నిటారుగా లేస్తుంది. ఆ గోడ పొరలు పొరలుగా, కొంచెం ఎర్రగా ఉంటుంది. కిందున్నది గ్రానైట్ జాతి రాయి. భూమి లోతుల్లో కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారితే వచ్చిన రాయి. పైనున్నది క్వార్ట్‌జైట్, ఈ చోట నగరి క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, గట్టిపడి గట్టిపడి రాయి అయింది. మన ఏడుకొండల పైభాగం ఒకనాటి ఇసుక నేల అన్నమాట.

ఆ రెండు రాళ్లూ కలిసే గీతే ఈ స్మారకం. ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట్ల, వాగులు కోసిన చోట్ల అది బయటపడింది. కింది రాయికీ పై రాయికీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల తేడా ఉందని శాస్త్రజ్ఞుల లెక్క. ఆ కాలమంతా ఇక్కడ పొరలు పేరుకోలేదు. ఉన్న నేల అరిగిపోతూ వచ్చింది. పుస్తకంలో మధ్య పేజీలు చిరిగిపోయి, ముందు అధ్యాయం పక్కనే చివరి అధ్యాయం వచ్చినట్టు.

80 కోట్లు అంటే మన మనసుకు ఎక్కదు కదా. ఒక చిన్న లెక్క వేద్దాం. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఆ 80 కోట్ల సంవత్సరాలనూ ఈ మెట్ల మీద సమానంగా పరిచామనుకోండి. ఒక్కో మెట్టుకు సుమారు రెండు లక్షల పాతికవేల ఏళ్లు వస్తాయి. మనిషి రాయడం నేర్చుకుని సుమారు ఐదువేల ఏళ్లు అనుకుంటే, అది ఒక మెట్టులో నలభై ఐదో వంతు. మెట్టు ఒక అడుగు వెడల్పు ఉంటే, మన చరిత్ర మొత్తం కలిపి సెంటీమీటరు కూడా రాదు. బొటనవేలి గోరంత కూడా లేదు! అది కూడా, రెండు రాళ్ల మధ్య ఉన్న ఖాళీకి మాత్రమే వేసిన లెక్క.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు మనం కల్పం పేరు, మన్వంతరం పేరు, యుగం పేరు, తర్వాత సంవత్సరం, మాసం, తిథి చెప్పి, అప్పుడు మన గోత్రం, పేరు చెప్పుకుంటాం. ఒక కల్పం అంటే 432 కోట్ల సంవత్సరాలని పురాణాల లెక్క. ఇది చూసి వెంటనే "చూశారా, మన పురాణాల్లో సైన్సు ముందే ఉంది" అని వీడియోలు చేసేస్తుంటారు. నేను ఆ మాట అనను. రెండు లెక్కలూ వేరు వేరు పద్ధతుల్లో, వేరు వేరు అవసరాల కోసం పుట్టాయి. కానీ ఒకటి మాత్రం నిజం. రోజూ సంకల్పం చెప్పుకునే ఇంట్లో పుట్టినవాడికి కోట్ల సంవత్సరాలంటే కొత్త కాదు, భయం కాదు. అంత పెద్ద కాలం ముందు నిలబడి, ఆ చివర మన చిన్న పేరు చెప్పుకోవడం మనకు అలవాటే. ఆ గీత ముందు కూడా అదే పని చేయాలి.

ఒక సూచన. ఘాట్ రోడ్డు మీద బండి ఆపి దిగి చూడొద్దు, అది ప్రమాదం. బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకోండి, చాలు. రాయి రంగు, ఆకారం ఎక్కడ మారుతుందో కనిపెట్టండి.

రెండో మజిలీ: శిలాతోరణం

శ్రీవారి ఆలయానికి సుమారు ఒక కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దగ్గర ఉంటుంది. వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు సుమారు 3 మీటర్లు. కొండలో ఉన్న ఒక చిన్న భ్రంశాన్ని, అంటే రాతి పొరలు విరిగి జరిగిన చోటును, పరిశీలిస్తున్న భూవిజ్ఞానులు 1980లలో దీన్ని గుర్తించి లోకానికి చెప్పారు. ఇలాంటి సహజ రాతి తోరణాలు మన దేశంలో చాలా అరుదు.

ఎలా ఏర్పడింది? క్వార్ట్‌జైట్ పొరలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. పగుళ్లున్న చోట, మెత్తటి పొర ఉన్న చోట నీళ్లు ముందు దూరతాయి. వాగు నీరు కింది భాగాన్ని కొరుకుతూ పోయింది. ఎండకు రాయి సాగి, చలికి ముడుచుకుని, రేణువు రేణువుగా రాలింది. పైనున్న గట్టి పొర మాత్రం నిలిచింది. కింద ఖాళీ, పైన దూలం. అదే తోరణం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తోరణం వయసు వంద కోట్ల ఏళ్లు దాటిందని బోర్డుల మీద, వీడియోల్లో చూస్తుంటాం. ఆ వయసు రాయిది. ఆ రాయిలో తోరణం ఆకారం వచ్చింది చాలా చాలా తర్వాత. మీ తాతగారి కాలంనాటి టేకు దుంగతో నిన్న వడ్రంగి గుమ్మం చేశాడనుకోండి. చెక్క వయసు వేరు, గుమ్మం వయసు వేరు. అలాగే ఈ తోరణం శాశ్వతం కూడా కాదు. ఏ నీరు దాన్ని చెక్కిందో ఆ నీరు, ఆ ఎండ ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. అందుకే చుట్టూ కంచె వేశారు. కంచె దాటి ఎక్కి ఫొటో దిగాలనే సరదా ఎవరికైనా ఉంటే, ఒక్క నిమిషం ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

ఇక కథ. స్వామి కొండమీద మొదటి అడుగు నారాయణగిరి మీద శ్రీవారి పాదాలున్న చోట వేశారని, రెండో అడుగు ఈ తోరణం దగ్గర వేశారని, మూడో అడుగు ఇప్పుడు ఆనందనిలయం ఉన్న చోట వేసి నిలిచిపోయారని స్థానికంగా చెప్పుకుంటారు. తోరణం ఎత్తూ మూలవిరాట్టు ఎత్తూ ఒకటేనని కూడా అంటారు. రాతిలో శంఖం, గరుడుడు, స్వామి హస్తం కనిపిస్తాయని చూపిస్తారు.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నకు వద్దాం. స్వామి చేసిందా, వాన చేసిందా?

నేను ఇలా ఆలోచిస్తాను. "ఎలా ఏర్పడింది?" అనేది ఒక ప్రశ్న. "దీని ముందు నేనెలా నిలబడాలి?" అనేది ఇంకో ప్రశ్న. భూవిజ్ఞానం మొదటిదానికి జవాబు చెప్తుంది, బాగా చెప్తుంది. స్థలపురాణం రెండోదానికి చెప్తుంది. మన ఇంట్లో అన్నం ఎలా ఉడుకుతుందో వివరించమంటే నీరు, వేడి, పిండిపదార్థం అని చెప్పొచ్చు. అది పూర్తి నిజం. అయినా అన్నం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. అన్నం పరబ్రహ్మం అన్న మాటకు ఆ వివరణ అడ్డు రాలేదు. పైగా ఒక గింజ వెనక ఎంత పనుందో తెలిసినవాడే ఇంకొంచెం గట్టిగా కళ్లకద్దుకుంటాడు. వాన, గాలి, ఎండ, కాలం, ఇవి స్వామివి కావని మనకెవరు చెప్పారు? ఆయన పని ఆయన వేగంలో జరిగింది. మనకే తొందర ఎక్కువ.

మూడో మజిలీ: కాలిబాటలు

కొండ ఎక్కడానికి అందరికీ తెలిసిన నడకదారులు రెండు.

అలిపిరి మెట్టు: 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. పాదాల మండపం దగ్గర మొదలవుతుంది. తలయేరు గుండు, గాలిగోపురం, జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, లక్ష్మీనరసింహస్వామి గుడి, చివర్లో మోకాలి మెట్టు. గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత చాలా దూరం చదునుగా నడక. మోకాలి మెట్టు దగ్గర మళ్లీ నిటారు. అలవాటు లేనివాళ్లకు నాలుగు గంటలు ఎలాగూ పడుతుంది.

శ్రీవారి మెట్టు: 2,388 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి. దూరం తక్కువ, రెండు కిలోమీటర్లు కాస్త పైన. కానీ ఎక్కుడు మొదటి నుంచీ చివరిదాకా గట్టిదే. చంద్రగిరి వైపు నుంచి రాజులు వచ్చిన దారి ఇదేనని చెప్తారు. శ్రీకృష్ణదేవరాయలు ఏడుసార్లు తిరుమల వచ్చినట్టు శాసనాలున్నాయి. చక్రవర్తికి కూడా ఎక్కుడు ఎక్కుడే కదా!

ఈ మెట్ల మీద మీకు కనిపించే ఒక దృశ్యం గురించి చెప్పాలి. శ్రీవారి మెట్టు దారిలో ఒకావిడ మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ పెడుతూ ఎక్కుతుంటే నేను వెనకే నడిచాను. మొక్కు. పక్కన ఆమె కొడుకు, పదో తరగతి కుర్రాడు, కుంకుమ డబ్బా పట్టుకుని విసుగ్గా నిలబడ్డాడు. "అమ్మా, అన్ని మెట్లకీ ఎందుకు, మొదటిదానికీ చివరిదానికీ పెడితే చాలదా?" అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే, "నడుమ మెట్టు మీద కాలు పెట్టకుండా చివరిదానికి పోతావేంట్రా?" అంది. కుర్రాడు మాట్లాడలేదు. తర్వాతి మెట్టు నుంచి తనే కుంకుమ పెట్టడం మొదలుపెట్టాడు. నడకదారి గురించి ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

అన్నమయ్య కథ కూడా ఇక్కడిదే. ఆయన మనవడు తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలో ఉంది. చిన్నవయసులో ఇల్లు విడిచి కొండకు బయల్దేరిన అన్నమయ్య మోకాలి మెట్టు దగ్గర అలసి, ఆకలితో, వెదురు పొద నీడలో పడుకుండిపోయాడు. అలమేలుమంగ అమ్మవారు పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమయం నాయనా, చెప్పులతో ఎక్కుతున్నావు, అందుకే దారి కనిపించడం లేదు అని చెప్పి, ప్రసాదం పెట్టింది. ఆయన చెప్పులు విడిచాడు, కొండ కనిపించింది, అక్కడే శతకం చెప్పాడు.

ఈ కథను మనం చెప్పుల కథగా గుర్తుపెట్టుకున్నాం. అసలు మాట "కొండంతా" అన్నది. గర్భగుడి ఒక్కటే కాదు, కొండంతా. దారిపక్క గులకరాయి కూడా. ఆ మాట నమ్మేవాడు దారిలో చిప్స్ కవరు పారేయగలడా?

నాలుగో మజిలీ: తీర్థాలు

క్వార్ట్‌జైట్ గట్టి రాయి, నీటిని తనలోకి పీల్చుకోదు. కానీ దానిలో నిలువు పగుళ్లు ఎక్కువ. వాన నీరు ఆ పగుళ్లలోకి దిగి, కింద ఎక్కడో దారి దొరికినచోట ఊటగా, ధారగా బయటికొస్తుంది. తిరుమలలో ఇన్ని తీర్థాలుండటానికి కారణం ఇది. ఆకాశగంగ, పాపవినాశనం, జాపాలి, చక్రతీర్థం దాకా మామూలు రోజుల్లో వెళ్లొచ్చు. ఆకాశగంగ నీటిని స్వామి అభిషేకానికి రోజూ మోసుకొచ్చిన తిరుమలనంబి కథ మన ఛానల్‌లో ఇంతకుముందే చెప్పుకున్నాం. రామానుజులవారికి మేనమామ ఆయన. వయసు మీదపడ్డా కుండ దించలేదు. స్వామి బోయవాడి రూపంలో వచ్చి "తాతా, దాహం" అని అడిగాడని కథ. ఇప్పుడు పాపవినాశనం, గోగర్భం, కుమారధార, పసుపుధార డ్యాముల నీళ్లు కొండమీద లక్షలమంది దాహం తీరుస్తున్నాయి. ఆ నీళ్లను పట్టి ఉంచేది చుట్టూ ఉన్న అడవి. అడవి పోతే ఊట పోతుంది. తిరుమలనంబి మోసిన కుండను ఇప్పుడు ఈ అడవి మోస్తోంది అనుకోండి.

లోపలి తీర్థాలకు మాత్రం ఏడాదికి ఒక్కరోజే. వాటిని ముక్కోటి అంటారు. రామకృష్ణ తీర్థ ముక్కోటి, కుమారధార ముక్కోటి, తుంబురు తీర్థ ముక్కోటి పౌర్ణమి రోజుల్లో వస్తాయి. వీటిలో తుంబురు తీర్థం నడక కష్టమైనది. పాపవినాశనం నుంచి అడవిలో ఏడు కిలోమీటర్లకు పైగా, బండలూ వాగులూ దాటుకుంటూ. చివర్లో కొండ నిలువునా చీలినట్టు రెండు రాతిగోడల మధ్య సన్నటి దారి, అందులో నీళ్లు, పైన సన్నగా ఆకాశం. తుంబురుడు తపస్సు చేసిన చోటని పురాణం. రాయిలోని నిలువు పగులును నీరు వెడల్పు చేసిన చోటని భూవిజ్ఞానం. అక్కడ నిలబడితే మన గొంతు మనకే రెండుసార్లు వినిపిస్తుంది. గంధర్వ గాయకుడి పేరు ఆ చోటుకు ఊరికే నిలిచిందా అనిపిస్తుంది.

ఏడాదికి ఒక్కరోజే ఎందుకు తెరుస్తారని కొందరు కోప్పడతారు. నాకైతే ఇది చాలా తెలివైన ఏర్పాటు అనిపిస్తుంది. ఒక రోజు మనుషులకు, మిగతా 364 రోజులు అడవికి. మనం ఇప్పుడు పర్యాటకుల సంఖ్యకు పరిమితి అని కొత్తగా మాట్లాడుకుంటున్నాం. పంచాంగం ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది.

సమయం ఉన్నవాళ్లు తలకోన కూడా చూడండి. జాతీయ ఉద్యానవనంలో భాగమే. సుమారు 270 అడుగుల జలపాతం, దిగువన సిద్ధేశ్వరస్వామి గుడి. అక్కడ చెట్ల మీదుగా తాళ్లలా పాకిన గిల్లతీగను తప్పకుండా చూడండి. దాని కాయ చింతకాయను ఎవరో సాగదీసినట్టు బారెడు పొడవుంటుంది.

ఈ అడవి ఎవరిది?

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. దొంగరవాణా వల్ల అది అంతరించే ప్రమాదంలో పడింది. తెల్లకరక చెట్టు, సైకస్ బెడ్డోమి అనే ఈత చెట్టులాంటి అతి పురాతన జాతి మొక్క కూడా ఈ కొండలవే. రాతి పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది. మన పెద్దవాళ్లు కంచి గుడిలో బంగారు బల్లిని తాకి వస్తారు కదా, ఇక్కడ ప్రాణమున్న బంగారు బల్లి ఉంది. దీన్ని మాత్రం తాకొద్దు, చూడటమే పుణ్యం.

చిరుత కూడా ఉంది. ఈ విషయం తేలిగ్గా చెప్పలేను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత తీసుకుపోయింది. ఆ పాప బతకలేదు. అంతకు రెండు నెలల ముందే ఒక చిన్న బాబు మీద దాడి జరిగింది, ఆ బాబు దక్కాడు. అమ్మానాన్నలతో గోవింద నామం చెప్పుకుంటూ స్వామి దగ్గరికి వెళ్తున్న పిల్లలు. ఆ వార్త విన్న రోజు "స్వామి కొండమీదే ఇలా ఎందుకు?" అని చాలామంది అడిగారు. దానికి తేలికైన జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పేవాళ్లను నమ్మొద్దని మాత్రం అంటాను. కానీ మన చేతిలో ఉన్నదేమిటో చెప్పగలను.

మనం పారేసిన తిండికి కుక్కలు, పందులు, కోతులు దారి పక్కకి చేరతాయి. వాటి కోసం చిరుత దారి పక్కకి వస్తుంది. చిరుత సాధారణంగా చిన్న ఆకారాన్ని, వంగినదాన్ని, ఒంటరిగా ఉన్నదాన్ని చూస్తుంది. పిల్లలు సరిగ్గా అలాగే ఉంటారు. ఒక బిస్కెట్ ప్యాకెట్‌కీ ఒక పాప ప్రాణానికీ మధ్య ఇంత దగ్గర దారి ఉంది. ఆ సంఘటన తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకు వేళల పరిమితి పెట్టారు, గుంపులుగా వెళ్లమన్నారు. "దర్శనానికి కూడా రూల్సేంటి?" అని విసుక్కోకండి. ఆ నియమాలు ఒక ఇంటి కన్నీళ్లతో రాసినవి.

నడక నియమాలు

1. బయల్దేరే ముందు నడకదారి వేళలు, పిల్లల విషయంలో నియమాలు టీటీడీ ప్రకటనలో చూసుకోండి. అవి మారుతుంటాయి.

2. పిల్లల్ని గుంపు మధ్యలో నడిపించండి, చెయ్యి వదలొద్దు. పరుగెత్తి ముందుకు పోనివ్వొద్దు. చిరుత కనిపిస్తే పరిగెత్తొద్దు, వంగొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, గట్టిగా అరుస్తూ, అందరూ ఒక్కటిగా నెమ్మదిగా వెనక్కి నడవండి.

3. కోతులకు, జింకలకు ఏమీ పెట్టొద్దు. అది పుణ్యం కాదు. వాటికి అడవి తిండి మాన్పించడం.

4. ప్లాస్టిక్ సీసా తేవద్దు. స్టీలు సీసా తెచ్చుకోండి, దారిలో నీళ్లు పట్టుకోవచ్చు. మీ చెత్త మీ సంచిలోనే కిందికి దిగాలి.

5. ఇల్లు కట్టుకోవాలని దారిపక్క రాళ్లు పేర్చి మొక్కుకునేవాళ్లుంటారు. మొక్కు మంచిదే, కానీ రాయి కదిపితే దాని కింద బతికే బల్లికి, తేలుకు ఇల్లు పోతుంది. మీ ఇంటి కోసం వాటి ఇల్లు తీయొద్దు. చేతులు జోడించి మొక్కుకోండి, స్వామికి వినిపిస్తుంది.

6. రాళ్ల మీద పేర్లు రాయొద్దు. 80 కోట్ల ఏళ్ల పక్కన మీ పేరు అంత బాగుండదు!

7. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముక్కోటి నడకకు వెళ్లొద్దు. బస్సులో వెళ్లినా దర్శనం దర్శనమే.

ఈ వారం అభ్యాసం

కనుమ రోజు పార్వేట ఉత్సవంలో స్వామి స్వయంగా పల్లకీలో అడవి వైపు, పార్వేట మండపానికి వెళ్తారు. ఏడాదంతా మనం ఆయన్ని చూడటానికి వెళ్తాం, ఆ రోజు ఆయన అడవిని చూడటానికి వెళ్తారు. మనం కూడా ఒక్కసారి అలా వెళ్దాం.

ఈసారి తిరుమల వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. ఒకటి, తిరుపతిలో దిగగానే కొండ కింది వాలు, పై గోడ కలిసే గీతను వెతకండి, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. రెండు, ఎక్కేటప్పుడు ఏదో ఒక చోట ఫోన్ జేబులో పెట్టి, పది నిమిషాలు మాటల్లేకుండా నడవండి, ఎన్ని పక్షుల గొంతులు వినిపించాయో లెక్కపెట్టండి. మూడు, శిలాతోరణం ముందు నిలబడి ముందు రాతి పొరలు చూడండి, తర్వాత నమస్కారం చేసుకోండి. రెండూ చేయండి. ఒకటి చేసి ఆగిపోవద్దు.

తర్వాత క్యూలో నిలబడి, ఆ జరుగుబాటులో, ఆ ఒక్క క్షణం స్వామిని చూస్తారు కదా. అప్పుడు మీ వెనక ఉన్నది క్యూ మాత్రమే కాదు, ఒక కొండ, ఒక అడవి, లెక్కకు అందనంత కాలం. అవన్నీ మీతోపాటు లోపలికి వస్తాయి.

వచ్చే వారం పాఠంలో అహోబిలం, నల్లమల నడకదారుల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడవండి.

గోవిందా గోవింద!